ఓపువా నుంచి ఫిజీకి యాట్ క్రూ: డబ్బు కట్టి మరీ పని చేయాలా?

హారిక_ఆక్లాండ్
అందరికీ నమస్కారం. మే నెలలో న్యూజీలాండ్‌లోని ఓపువా నుంచి ఫిజీలోని సవుసవుకి వెళ్ళే 42 అడుగుల యాట్‌లో (తెరచాప బోటు) క్రూగా రమ్మంటున్నారు. బోటు నడిపే స్కిప్పర్ అరవై దాటిన యూరప్ ఆయన. బోటు సొంతం, జెండా (అంటే రిజిస్ట్రేషన్) వాళ్ళ దేశానిదే. నాతో కలిపి నలుగురం. సుమారు 1,100 నాటికల్ మైళ్ళు, గాలి కలిసొస్తే ఎనిమిది నుంచి పది రోజులు. ఆ తర్వాత కావాలంటే యసావా దీవులు కూడా. జీతం లేదు. పైగా తిండికీ డీజిల్‌కీ కలిపి రోజుకి 40 డాలర్లు నేనే ఇవ్వాలి. వంట, అంట్లు, రాత్రి కాపలా వంతులవారీగా. క్లబ్‌లో వీకెండ్ సెయిలింగ్ చేస్తుంటాను కానీ నడిసముద్రంలో రాత్రి ఎప్పుడూ గడపలేదు. అమ్మకి చెబితే "డబ్బిచ్చి మరీ చాకిరీ ఏంటే?" అంది. నిజంగానే, పని చేయించుకుని డబ్బు కూడా తీసుకోవడం ఏం న్యాయం?

వైజాగ్_సరంగు
మీ అమ్మగారి మాటే కరెక్టు తల్లీ. నేను కార్గో షిప్పుల్లో చేసి రిటైరైనవాణ్ణి. షిప్ ఎక్కేముందే అగ్రిమెంట్ ఉంటుంది. ఎన్ని గంటలు డ్యూటీ, ఎంత విశ్రాంతి, జబ్బు చేస్తే ఖర్చెవరిది, ఇంటికి టికెట్ ఎవరు కొనాలి, అన్నీ కాగితం మీదే. ఓనర్ చేతులెత్తేస్తే మేరిటైమ్ లేబర్ కన్వెన్షన్ అని షిప్పు పనివాళ్ళ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ఆదుకుంటుంది. సరదా యాట్‌లకి ఆ కన్వెన్షన్ వర్తించదు. అంటే నువ్వు ప్యాసింజర్‌వీ కాదు, సెయిలర్‌వీ కాదు. కాలు విరిగితే ఎవరు దిక్కు?

సీను_బేఆఫ్‌ఐలాండ్స్
సరంగు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, షిప్పు లెక్క ఇక్కడ పనికిరాదు. ఇది కంపెనీ కాదు, నలుగురు ఒక బండిలో వెళ్ళి పెట్రోల్ పంచుకోవడం లాంటిది. నాకూ చిన్న బోటుంది కాబట్టి ఖర్చులు తెలుసు. తెరచాపలు, తాళ్ళు, లైఫ్‌రాఫ్ట్ (బోటు మునిగితే ఎక్కే గాలి తెప్ప) సర్వీసింగ్, ఇన్సూరెన్స్ అన్నీ ఓనర్ నెత్తినే. 40 డాలర్లలో ఆయనకి లాభం మిగలదు. మిగిలేలా తీసుకుంటే అది చార్టర్, అంటే బోటు అద్దెకి తిప్పే వ్యాపారం అవుతుంది. అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా వేరే ప్రశ్నలు వేస్తారు.

హారికా, నువ్వు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బోటుకి విదేశీ జెండా అన్నావు. న్యూజీలాండ్ జెండా ఉన్న యాట్ విదేశానికి బయల్దేరాలంటే కేటగిరీ 1 అనే భద్రతా తనిఖీ పాసవ్వాలి. విదేశీ జెండా వాటికి ఆ రూలు లేదు. కాబట్టి ఆ తనిఖీ నువ్వే చెయ్యాలి. ఒక పూట వెళ్ళి లైఫ్‌రాఫ్ట్ మీద సర్వీస్ తేదీ చూడు. ఈపర్బ్ (ఆపదలో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే పరికరం) బ్యాటరీ గడువు చూడు. డెక్ మీద ముందు నుంచి వెనక దాకా హార్నెస్ (ఒంటికి కట్టుకునే భద్రతా బెల్టు) తగిలించుకునే పట్టీలు ఉంటాయి, వాటి కుట్లు ఎండకి పాడయ్యాయేమో గోటితో గీకి చూడు. పొడి రాలితే ఇంటికొచ్చెయ్. ఆయన విసుక్కున్నా ఇంటికొచ్చెయ్.

దీప్తి_యూనిక్స్
ఓపువా అనగానే నాకు నీనా గుర్తొస్తుంది. 1928 నాటి అమెరికన్ స్కూనర్, అంటే రెండు కొయ్యల తెరచాప ఓడ. 2013 మే 29న ఓపువా నుంచి ఆస్ట్రేలియాకి బయల్దేరి ఏడుగురితో మాయమైంది. అందులో ఈవీ నెమెత్ కూడా ఉన్నారు. యూనిక్స్ కంప్యూటర్ల అడ్మిన్ పని నేర్చుకున్నవాళ్ళకి ఆ పేరు పరిచయం చేయక్కర్లేదు, ఆ పని మీద పుస్తకాలు రాసినావిడ. ఆవిడకి సెయిలింగ్ కొత్త కాదు. తుఫానులో తెరచాపలు చిరిగిపోయాయని శాటిలైట్ ఫోన్ నుంచి పెట్టిన మెసేజ్ సమయానికి చేరనే లేదు, కొన్ని వారాల తర్వాత బయటపడింది. బోటు ఆనవాలు ఈనాటికీ లేదు. అంత అనుభవం ఉన్నవాళ్ళకే అలా అయితే వీకెండ్ సెయిలింగ్ ఏ మూలకి?

రాకేష్_నల్గొండ
ఇలా భయపెడితే ఎవరూ గడప దాటరండి. మన నేవీ తెరచాప బోటు ఐఎన్ఎస్‌వీ తారిణిలో 2017-18లో భూమి చుట్టి వచ్చిన ఆరుగురిలో ఇద్దరు మనవాళ్ళే. స్వాతిది వైజాగ్, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. హుస్సేన్ సాగర్‌లో గవర్నమెంట్ స్కూల్ పిల్లలు పోటీలు పడి సెయిలింగ్ నేర్చుకుంటున్నారు. వెళ్ళు హారికా, ధైర్యం చెయ్.

వైజాగ్_సరంగు
తమ్ముడూ, ఆ పోలిక మాత్రం వద్దు. వాళ్ళు నేవీ ఆఫీసర్లు. దానికి ముందే మాదేయి అనే ఇంకో నేవీ బోటు మీద మారిషస్‌కీ కేప్‌టౌన్‌కీ వెళ్ళొచ్చారు. ఎవరితో బోటెక్కుతున్నారో వాళ్ళకి ఏళ్ళ తరబడి తెలుసు. ఈ అమ్మాయి ముక్కూమొహం తెలియని ముగ్గురితో ఎక్కుతోంది. ధైర్యం సంగతి కాదు నేను మాట్లాడేది.

హారిక_ఆక్లాండ్
బాబాయ్ గారూ, ఆ ముగ్గురిలో ఒకావిడ ఆయనతో పోయినేడు కూడా వెళ్ళింది. ఆవిడతో విడిగా మాట్లాడాను. మనిషి మంచివాడే, ఎవరి వంటనీ మాత్రం మెచ్చుకోడట. నా ఇబ్బంది ఇంకోటి. ఆఫీసులో మూడు వారాలే లీవు. మే 3న బయల్దేరితే కరెక్ట్‌గా సరిపోతుంది. నేను కూడా డబ్బు కడుతున్నా కదా, ఆ తేదీ దాటకూడదని ఆయన్ని అడగొచ్చా?

సీను_బేఆఫ్‌ఐలాండ్స్
అదుగో, అసలు విషయం ఇప్పుడొచ్చింది. నేను ఇందాక డబ్బు గురించి తేలిగ్గా మాట్లాడాను గానీ, డబ్బుతో వచ్చే చిక్కు ఇదే. ఇచ్చినవాళ్ళకి తేదీ మీద హక్కు ఉందనిపిస్తుంది. తీసుకున్నవాళ్ళకి మొహమాటం. ఇక్కడ తుఫానుల సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. చాలా ఇన్సూరెన్సులు మే దాకా ఆ దీవుల వైపు పోనివ్వవు. అందుకే మే రాగానే అందరూ ఓపువాలో కాచుక్కూచుంటారు. ఒక అల్పపీడనం దాటాక దాని వెనకొచ్చే నైరుతి గాలి పట్టుకుని బయల్దేరాలి. అది 3న రావచ్చు, 17న రావచ్చు. ట్రాపికల్ ట్రిప్ అంటారు గానీ మొదటి మూడు నాలుగు రాత్రులు థర్మల్స్, మంకీ క్యాప్ లేకుండా డెక్ మీద కూర్చోలేవు.

సీజన్ మొదలైంది కదా అని ధీమా కూడా పనికిరాదు. 1994 జూన్‌లో ఇక్కణ్ణుంచి టోంగా వైపు వెళ్తున్న యాట్‌ల మీద క్వీన్స్ బర్త్‌డే తుఫాను విరుచుకుపడింది. ఒక యాట్ ముగ్గురితో సహా పోయింది. 21 మందిని కాపాడారు. ఏడు యాట్‌లను నడిసముద్రంలో వదిలేశారు, వాటిలో కొన్ని తర్వాత తేలుతూనే దొరికాయి. నా మటుకు నేను, రిటర్న్ టికెట్ జేబులో పెట్టుకుని వచ్చే క్రూని ఎక్కించుకోను. ఎంత మంచివాళ్ళైనా సరే.

మౌనిక_సువా
టికెట్ విషయంలో సీను గారితో పూర్తిగా ఒప్పుకోను. ఇక్కడ ఫిజీలో ఉద్యోగం చేస్తున్నాను, మెరీనాల్లో (యాట్‌లు ఆగే రేవులు) ఇలాంటి గొడవలు చూస్తుంటాను. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఫిజీలో ముందస్తు వీసా అక్కర్లేదు, ఆ టెన్షన్ లేదు. కానీ యాట్‌లో వచ్చినవాళ్ళు క్రూ లిస్టులో ఉంటారు. దిగిపోవాలంటే స్కిప్పర్ ఇమిగ్రేషన్‌కి చెప్పి ఆ లిస్టులోంచి పేరు తీయించాలి, దేశం దాటడానికి టికెట్ చూపించాలి. ఇద్దరికీ పడక మాటల్లేకపోతే అక్కడే చిక్కుకుంటారు. అందుకని టికెట్ ఉండాలి. తేదీ మార్చుకునేది కొనండి, రెండొందలు ఎక్కువైనా. న్యూజీలాండ్ వీసాలో మళ్ళీ లోపలికి రానిచ్చే కండిషన్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇంకోటి, దీవుల్లో లంగరు వేస్తే ముందు ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి సెవుసెవు, అంటే మర్యాద కానుక ఇవ్వాలి. యంగోనా (కావా పానీయం చేసే మొక్క) వేళ్ళు కట్టగట్టి, పేపర్ చుట్టి మార్కెట్‌లోనే అమ్ముతారు. టోపీ తీసేసి, మోకాళ్ళు కప్పుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఏ దీవిలోనైనా తెలుగు ఇంటిపేరు వినబడితే ఆశ్చర్యపోకండి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కించి చెరకు తోటలకి తెచ్చారు మనవాళ్ళని.

దీప్తి_యూనిక్స్
మూడు వారాలే ఉంటే ఆక్లాండ్ నుంచి ఫిజీలోని నాడి ఊరికి మూడు గంటల ఫ్లైట్ ఉంది కదా. బోటు చేరాక అక్కడ ఎక్కి యసావా దీవులు చూసిరావచ్చు. నడిసముద్రం తలనొప్పి ఉండదు.

హారిక_ఆక్లాండ్
దీవులు చూడాలంటే టూర్ ప్యాకేజీ చాలు దీప్తి గారూ. నాకు కావాల్సింది మధ్యలో ఉన్న ఆ పది రోజులే. స్కిప్పర్‌కి ఫోన్ చేశాను. "తేదీ అడిగేవాళ్ళని తీసుకెళ్ళను, కావాలంటే నీ డబ్బు నీకే ఉంచుకో" అన్నాడు. కోపమొచ్చింది గానీ లైఫ్‌రాఫ్ట్ చూస్తానంటే మాత్రం వెంటనే శనివారం రమ్మన్నాడు. ఇంకో రెండు వారాలు జీతం లేని సెలవు ఇవ్వమని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను.

వైజాగ్_సరంగు
తేదీ ఇవ్వనన్నాడా? అయితే పని తెలిసినవాడే. డబ్బు విషయంలో నా మాట మారదు, అది తప్పే. వెళ్తే మాత్రం ఎంత ఇచ్చావో, దేనికిచ్చావో, మధ్యలో దిగిపోతే ఎంత వెనక్కిస్తాడో కాగితం మీద రాయించుకో. హార్నెస్ నీ సైజుది సొంతంగా కొనుక్కో, బోటులో ఉన్నవన్నీ ఆరడుగుల మగాళ్ళ కోసం కొన్నవే ఉంటాయి.