సలహా ఇవ్వకుండా కౌన్సెలింగ్ ఎలా?
కావలిలో ఇంటర్ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ పద్ధతంటే నాకు ఇష్టం: నేరుగా సలహా ఇవ్వకుండా, ఎదుటివాళ్లు చెప్పింది విని, వాళ్ల మనసులో మాటనే తిరిగి వాళ్లకు చెబుతూ, దారి వాళ్లే వెతుక్కునేలా చూడటం. 1942 నాటి పుస్తకంలోనే ఆయన ‘పేషెంట్’ అనకుండా ‘క్లయింట్’ అన్నాడు. 1957 వ్యాసంలో సహానుభూతి, షరతుల్లేని ఆదరణ, కౌన్సెలర్ లోపలొకటి బయటొకటిగా లేకపోవడం ఉండి తీరాలన్నాడు. చదవడానికి బాగానే ఉంది.

నిన్న ఒకమ్మాయి చున్నీ కొస వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. "బైపీసీ నావల్ల కావట్లేదు మేడమ్, నాన్నకు చెప్పాలంటే భయం."

"చెప్పాలంటే భయంగా ఉంది కదా" అన్నాను.

"అదేగా మేడమ్ నేను చెప్పింది! ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

నాకు నోట మాట రాలేదు. (పుస్తకంలో క్లయింట్లు ఇంత సూటిగా అడగరు మరి!)

నెల్లూరు, ఒంగోలు వైపు ఈ పద్ధతి వాడేవాళ్లుంటే కాస్త చెప్పండి. పిల్లలు నేరుగా సలహా అడిగితే మీరేమంటారు? ఆ అమ్మాయి ఒప్పుకుంటే వాళ్ల నాన్నను కూడా కూర్చోబెట్టి మాట్లాడొచ్చా? శుక్రవారం మళ్లీ వస్తానంది.