గేబుల్ గోడ (రెండు వాలుల కప్పు కింద మూడుమూలల మొనతో లేచే గోడ) కప్పుకు అతకడం లేదు, రెవిట్ (కట్టడాల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఎట్ల చేస్తున్నారు?

బురుజు_డ్రాఫ్టింగ్ (కర్నూలు)
అందరికీ నమస్కారం. కల్లూరులో ఒక ఇంటికి డ్రాయింగులు చేస్తున్నా. కింద మామూలు మిద్దె. పైఅంతస్తుకు మాత్రం ఓనరు రెండు వాలుల పెంకుల కప్పు అడిగినాడు. వెడల్పు బయటి నుంచి బయటికి 24 అడుగులు, కొప్పు (రెండు వాలులు పైన కలిసే చోటు) ఎత్తు గోడ తల నుంచి 6 అడుగులు. రెవిట్‌లో రూఫ్ బై ఫుట్‌ప్రింట్‌తో గీస్తే మొదట నాలుగు పక్కలా వాలొచ్చింది. పొట్టి పక్కలు రెండింటికీ డిఫైన్స్ స్లోప్ టిక్ తీసేసినాక కప్పు కుదిరింది. గోడ మాత్రం చదునుగానే ఉండిపోయి, పైన మూడుమూలల సందు మిగిలింది. ఎడిట్ ప్రొఫైల్‌లో చేత్తో గీసి పూడ్చినా. నిన్న ఓనరు వాలు తగ్గించమంటే తగ్గించినా, గోడ మొన కప్పును చీల్చుకొని పైకొచ్చింది. ప్రతిసారీ మళ్లీ గీయాల్సిందేనా?

దేవునికడప_సివిల్
అవసరం లేదప్పా. గోడను పట్టుకొని రీసెట్ ప్రొఫైల్ కొట్టు. తర్వాత అటాచ్ టాప్/బేస్ నొక్కి కప్పు మీద క్లిక్ చెయ్. ఇంక కప్పు ఎక్కినా దిగినా గోడ దాని వెంటే పోతుంది. గేబుల్ గోడలే కాదు, పక్క గోడలు కూడా అతికించు. లేకుంటే సెక్షన్‌లో (ఇంటిని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలో) గోడ తల వాలుకు సరిపోకుండా కనిపిస్తుంది.
గోడను కప్పు కన్నా పైకి పిట్టగోడలా లేపాలనుకుంటే మాత్రం ఎడిట్ ప్రొఫైల్ వాడుకోవచ్చు.

టవర్‌క్లాక్_అనంత
పైన చెప్పింది సరైన దారి. నేను 11 ఏళ్లుగా ఎక్కువగా గోడౌన్లు, షెడ్లే గీస్తున్నా కాబట్టి ఇంకో రెండు సంగతులు చెప్తా.

మొదటిది వాలు అంకె. మన మేస్త్రీలకు మిద్దె కట్టడం చేతికి అలవాటైన పని, కొప్పు కట్టే పని ఏడాదికి ఒకటో రెండో వస్తుంది. అందుకే కాగితం మీద ఏముంటే అదే కడతారు. ఒకసారి నేను '1:4 వాలు' అని మాత్రమే రాసిచ్చినా. మేస్త్రి దాన్ని మొత్తం వెడల్పులో నాలుగో వంతు అనుకున్నాడు, అంటే 24 అడుగులకు 6 అడుగుల కొప్పు. ట్రస్సులు (కప్పును మోసే చట్రాలు) చేసే అతను సగం వెడల్పు మీద లెక్కేసినాడు, 12కి 3 అడుగులు. ఒకటి 26.57 డిగ్రీలు, ఇంకొకటి 14 డిగ్రీలు. గోడలు లేచినాక ట్రస్సులొచ్చినాయి, గోడ 3 అడుగులు ఎక్కువ. రెండు మొనలూ కొట్టించినాం. ఒక్కో మొన 72 చదరపుటడుగుల ఇటుకపని, ఉండాల్సింది 36. తప్పు మేస్త్రిది కాదు, నాదే. ఆ దినం నుంచి కోణం ఒక్కటే రాసి వదలను. గోడ తల నుంచి కొప్పుకు ఎత్తు అడుగుల్లో, వాసం పొడవు విడిగా రాస్తా. 6 అడుగుల కొప్పుకు సగం కప్పు వాలు పొడవు 13 అడుగుల 5 అంగుళాలు, చూరు దానికి అదనం.

రెండోది చూరు. కప్పు గీతలు చేత్తో గీస్తే రెవిట్ ఎత్తును చూరు అంచు దగ్గర పట్టుకుంటుంది. ఒకటిన్నర అడుగు చూరు వదిలితే ఈ వాలుకు గోడ దగ్గర కప్పు 9 అంగుళాలు పైకి లేస్తుంది, కొప్పు కూడా అంతే లేస్తుంది. పిక్ వాల్స్‌తో గోడలనే ఎంచుకొని ఓవర్‌హ్యాంగ్ కొలత ఇస్తే ఎత్తు గోడ దగ్గర నిలుస్తుంది, చూరు 9 అంగుళాలు కిందికి దిగుతుంది. కట్టేది కూడా అట్లనే కదా.

పొద్దుటూరు_ఆర్కి_స్టూడెంట్
అన్నా, నా ల్యాప్‌టాప్‌లో రెవిట్ నడవదు. స్కెచప్‌లో పెట్టె పైముఖానికి నడిమధ్య గీత గీసి, మూవ్‌తో నీలం అక్షం వెంట లేపుతున్నా. ఫ్రీక్యాడ్‌లో ఎవరైనా చేసినారా?

దేవునికడప_సివిల్
చేసినా. ఫ్రీక్యాడ్ రూఫ్‌లో ఒక్కో అంచుకు కోణం విడిగా ఇవ్వొచ్చు. గేబుల్ రావాల్సిన అంచుకు 90 ఇస్తే ఆ పక్క వాలు పోతుంది. గోడను కొంచెం ఎత్తుగా గీసి, కప్పుతో తీసివెయ్యమంటే మిగిలిన మొన కోసుకుపోతుంది. స్కెచప్‌లో అయితే లేపే ముందే గోడలను ఒక గ్రూపు, కప్పును ఒక గ్రూపు చెయ్, లేకుంటే రెండూ అతుక్కుపోయి తర్వాత విడదీయడం కష్టం.

టవర్‌క్లాక్_అనంత
బురుజు తమ్ముడూ, ఒకటి మర్చిపోయినా. మొన గోడ వాలు మీద కాంక్రీటు బ్యాండు (గోడను కట్టిపట్టే పట్టీ) గీసినావా? ఐ.ఎస్. 4326 అనే భారత ప్రమాణంలో గేబుల్ బ్యాండు అని ఉంది, భూకంపం కోసం చెప్పింది. మా దగ్గర ఆషాఢం గాలికి కూడా అది అక్కరకొస్తుంది. కప్పు పడకముందు ఒంటరిగా నిలబడే మొన గోడ చాలా బలహీనం. వాలు వెంట బీము గీసి, గోడను దాని అడుగుకు అతికించు, అప్పుడు ఇటుక లెక్క కూడా సరిగ్గా వస్తుంది. ఇంకోమాట, పెంకులు అంటున్నావు కాబట్టి 14 డిగ్రీలకు దించనీయొద్దు. జోరువాన గాలికి నీళ్లు పెంకుల కిందికి ఎగదన్నుతాయి.

బురుజు_డ్రాఫ్టింగ్ (కర్నూలు)
అతికించినా అన్నా, సందు పోయింది. పిక్ వాల్స్‌తో కప్పు మళ్లీ గీసినా. పాత కప్పు నిజంగానే 9 అంగుళాలు పైనుండేది, అందుకే ఓనరుకు ఎత్తు ఎక్కువ అనిపించింది. సెక్షన్ చూపించి నీళ్ల సంగతి చెప్తే కొప్పు 6 అడుగులే ఉండనీ అన్నాడు. బ్యాండు కూడా గీసినా. సోమవారం మేస్త్రికీ, ట్రస్సు అతనికీ ఒకే ప్రింటు ఇస్తున్నా, దాంట్లో డిగ్రీల అంకె పెట్టలేదు.