అప్‌డేట్: స్పీకర్ కొత్త వైఫైకి కనెక్ట్ అయింది

పోయిన వారం అడిగాను కదా, గాజువాక నుంచి మధురవాడకి ఇల్లు మారాక మా స్మార్ట్ స్పీకర్ కొత్త వైఫైకి కనెక్ట్ అవడం లేదని, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ప్రతిసారీ ఫెయిల్ అంటోందని. నిన్న రాత్రి పని అయిపోయింది.

కొత్త రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 (వైఫై సెక్యూరిటీలో కొత్త రకం) ఒక్కటే పెట్టి ఉంది, మా స్పీకర్ పాతది, దాని ముందు రకం డబ్ల్యూపీఏ2 వరకే పనిచేస్తుంది. ఫోన్లు, టీవీ కొత్తవి కాబట్టి వెంటనే కనెక్ట్ అయిపోయాయి, అందుకే నాకు రౌటర్ మీద అనుమానమే రాలేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండూ కలిసిన మోడ్ పెట్టాను, రౌటర్ ఇచ్చే వైఫై బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ దానికి వేరే పేరు కూడా ఇచ్చాను (గోడలు దాటి బాగా వచ్చేది అదే, మా స్పీకర్ ఉండేది వంటింట్లో). తర్వాత స్పీకర్ మీద బటన్ నొక్కి పట్టుకుంటే నారింజ రంగు లైటు తిరగడం మొదలైంది, యాప్‌లో కొత్త పేరు ఎంచుకోగానే పట్టేసింది. రీసెట్ అవసరమే పడలేదు.

పొద్దున్న అమ్మ దీపం పెడుతూ భక్తి పాటలు పెట్టమని అడిగింది, వెంటనే మొదలయ్యాయి, వారం తర్వాత అమ్మ ముఖంలో ఆ సంతోషం చూశాను. సెక్యూరిటీ మోడ్ చూడమన్న అన్నకి చాలా థాంక్స్.