ఎంసెట్‌లో ఇంగ్లీషు లిజనింగ్, రీడింగ్ పెట్టాలా, వద్దా?

బెంజిసర్కిల్ ట్రైనర్

విజయవాడలో పదకొండేళ్ళుగా ఐఈఎల్‌టీఎస్, అంటే విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష, చెబుతున్నాను. చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇవాళ రాస్తున్నాను. మన ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అని మారింది కానీ ఇళ్ళల్లో అందరూ ఎంసెట్ అనే అంటారు, నేనూ అలాగే అంటాను. ఇంజనీరింగ్‌కి 160 మార్కులు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంగ్లీషుకు ఒక్క మార్కూ లేదు. ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు, మంచిదే. కానీ సీటొచ్చి క్లాసులో కూర్చున్న రోజు నుంచి పాఠం ఇంగ్లీషు, పుస్తకం ఇంగ్లీషు. ఆ పాఠం వింటే పిల్లవాడికి అర్థమవుతుందా, ఆ పుస్తకం చదవగలడా అని ఎవరూ చూడరు.

నా దగ్గరికి బీటెక్ అయిపోయినవాళ్ళు వస్తారు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ సుమారు అరగంట, 40 ప్రశ్నలు. మొదటి భాగంలో ఇద్దరు మామూలు విషయమేదో మాట్లాడుకుంటారు, పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ రాసుకోవాలి. నాలుగేళ్ళు ఇంగ్లీషులో పాఠాలు విన్న పిల్లలు అక్కడే పెన్ను కింద పెట్టేస్తారు. రీడింగ్ గంటసేపు, అదీ 40 ప్రశ్నలే. పేరాలో ఒక విషయం ఉందా, దానికి వ్యతిరేకంగా ఉందా, అసలు చెప్పనే లేదా అని అడిగే ప్రశ్నలుంటాయి. మనవాళ్ళు పేరా చూసి కాకుండా తమకు ముందే తెలిసినదాన్ని బట్టి జవాబు పెడతారు. చదవడం ఎవరూ నేర్పలేదు, బట్టీ పట్టడం నేర్పారు.

అందుకే అడుగుతున్నాను. ఎంసెట్‌లో అరగంట లిజనింగ్, అరగంట రీడింగ్ పెట్టి ర్యాంకులో కలపాలి. బిట్స్ పిలానీ ప్రవేశ పరీక్ష బిట్‌శాట్‌లో ఇంగ్లీషుకు పది ప్రశ్నలున్నాయి. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీలో ఇంగ్లీషుకు వేరే పేపరే ఉంది, లిజనింగ్ మాత్రం లేదు. జపాన్‌లో 2006 నుంచి యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో లిజనింగ్ ఉంది. మార్కు ఉంటేనే ఇంటర్‌లో చెబుతారు. లేకపోతే చెప్పరు.

బ్రాడీపేట మాస్టారు

ట్రైనర్ గారూ, నేను గుంటూరు జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్ళు జూనియర్ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మీ బాధ నిజమైనదే. మందు మాత్రం తప్పు.

ఐఈఎల్‌టీఎస్‌లో రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. ఇంట్లో ఇంగ్లీషు మాట వినని పిల్లవాడికి మొదటిసారి ఆ గొంతు అలవాటు కావడానికే సరిపోతుంది. రెండోసారి వింటేనే మాట తెలుస్తుంది. ఒక్కసారి వినిపించి మార్కు వేస్తే మీరు ఇంగ్లీషును కొలవడం లేదు, ఆ పిల్లవాడి ఇంట్లో టీవీలో ఏ చానల్ పెట్టుకుంటారో కొలుస్తున్నారు.

బెంజిసర్కిల్ ట్రైనర్

మాస్టారూ, క్లాసులో లెక్చరర్ కూడా ఒక్కసారే చెబుతాడు.

బ్రాడీపేట మాస్టారు

చెయ్యెత్తితే మళ్ళీ చెబుతాడు. నేను చెప్పేవాణ్ణి.

బెంజిసర్కిల్ ట్రైనర్

మీరు చెప్పేవారు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో మొదటి సంవత్సరం పిల్లవాడు చెయ్యెత్తడం మీరు ఈమధ్య చూశారా?

మంగళగిరి రవి

కొరియాలో ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు లిజనింగ్ జరిగే సమయంలో విమానాలు కూడా ఆపేస్తారు. ఇక్కడ పరీక్ష సెంటర్ పక్కన పెళ్ళి ఊరేగింపు డీజే పెడితే ఎవరు ఆపుతారు?

పటమట అమ్మ

రవి గారు అన్నలాంటి ఇబ్బందే మా ఇంట్లో జరిగింది. పాప పోయిన సంవత్సరం విదేశాల చదువు కోసం ఒక ఇంగ్లీషు పరీక్ష రాసింది. ఏ పరీక్షో, ఏ సెంటరో చెప్పను. హెడ్‌ఫోన్స్‌లో ఒకవైపు శబ్దం వచ్చిపోతూ ఉంది. చెయ్యెత్తితే వాళ్ళు వచ్చి చూసేసరికి ఒక భాగం అయిపోయింది. రాసిచ్చిన ఫిర్యాదుకు జవాబు రాలేదు. మిగతా మూడింటిలో, అంటే చదవడం, రాయడం, మాట్లాడటంలో మంచి స్కోరు, లిజనింగ్‌లో కావలసినదానికంటే తక్కువ. మళ్ళీ ఫీజు కట్టాం. మాకు కట్టే శక్తి ఉంది కాబట్టి కట్టాం. ఎంసెట్‌లో ఇలా జరిగితే ఒక సంవత్సరం పోతుంది. లాంగ్ టర్మ్‌లో కూర్చోవాలి. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

బెంజిసర్కిల్ ట్రైనర్

అమ్మా, మీ పాపకు జరిగింది అన్యాయం. కానీ అది యంత్రం తప్పు. ఎంసెట్ ఎలాగూ కంప్యూటర్ మీదే జరుగుతోంది. పనిచేయని కంప్యూటర్ మార్చినట్టే పనిచేయని హెడ్‌ఫోన్స్ మార్చాలి. దానికోసం పరీక్షే వద్దంటే ఎలా?

మాస్టారి మాటకు వస్తాను. ఇంగ్లండ్ గొంతు, ఆస్ట్రేలియా గొంతు పెట్టమని నేను అనలేదు. మన లెక్చరర్ గొంతే రికార్డు చేయండి. థర్మోడైనమిక్స్ మీద పది నిమిషాల పాఠం, దానిమీద పది ప్రశ్నలు. పిల్లవాడు రేపు క్లాసులో వినబోయేది అదే. జపాన్ వాళ్ళు 2021లో కొత్త పరీక్ష తెచ్చినప్పుడు రీడింగ్‌కు 100, లిజనింగ్‌కు 100 ఇచ్చారు. చెవికి కంటితో సమానంగా మార్కులు! మనం సున్నా దగ్గర ఉన్నాం.

బ్రాడీపేట మాస్టారు

జపాన్ సంగతి సగమే చెప్పారు. ఆ లిజనింగ్‌లో మొదటి రెండు సెక్షన్లు రెండుసార్లు వినిపిస్తారు. మూడో దాని నుంచి ఒక్కసారి. అంత ఇంగ్లీషు నేర్పే దేశమే మొదట రెండుసార్లు వినిపిస్తుంటే మన పిల్లలకు ఒక్కసారి చాలంటారా?

బెంజిసర్కిల్ ట్రైనర్

సరే మాస్టారూ, రెండుసార్లు వినిపించండి. అప్పుడు ఒప్పుకుంటారా?

బ్రాడీపేట మాస్టారు

ఒప్పుకోను.

మంగళగిరి రవి

మరి ఇంతసేపూ ఒకసారా రెండుసార్లా అని ఎందుకు వాదించారు మాస్టారూ?

నందిగామ లక్ష్మి

నేను హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదివాను. మాకు ఇంగ్లీషు పీరియడ్ టైంటేబుల్‌లో ఉండేది. ఆ గంటలో లెక్కల వీకెండ్ టెస్ట్ తప్పులు దిద్దించేవారు. పబ్లిక్ పరీక్షలకు నెల ముందు ఒక మెటీరియల్ ఇచ్చి, ప్యాసేజ్ జవాబులు కూడా బట్టీ పట్టించారు. ప్యాసేజ్ చదవకుండానే జవాబు రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ట్రైనర్ గారి మాట నాకు సబబుగా ఉంది. ఎంసెట్‌లో మార్కు ఉంటే ఆ గంట మా గంటగా ఉండేది.

బ్రాడీపేట మాస్టారు

లక్ష్మీ, నువ్వు చెప్పిందే నా భయం తల్లీ. ప్యాసేజ్ జవాబులనే బట్టీ పట్టించినవాళ్ళు ఆడియో జవాబులు పట్టించలేరా? మార్కు పెట్టిన మరుసటి జూన్‌కల్లా లిజనింగ్ బిట్ బ్యాంక్ వస్తుంది. దానికి వేరే ఫీజు. ప్రశ్నలో ఏ మాట ఉంటే ఏ ఆప్షన్ పెట్టాలో కిటుకులు చెబుతారు. ఆ ఫీజు కట్టలేని సర్కారు కాలేజీ పిల్లవాడు ర్యాంకులో ఇంకా కిందికి పోతాడు. ఇంగ్లీషు మాత్రం ఎవరికీ రాదు.

ఇంకో సంగతి. మన రాష్ట్రంలో 2023లో సర్కారు బడుల పిల్లలకు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష మొదలుపెట్టారు. చిన్న తరగతుల నుంచే రీడింగ్, లిజనింగ్. ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. పెట్టినప్పుడూ టీచర్లను అడగలేదు, తీసినప్పుడూ పిల్లలను అడగలేదు. పరీక్షలు వస్తాయి, పోతాయి. క్లాసులో చెప్పే మనిషిని తయారుచేసే పని మాత్రం ఎవరూ పెట్టుకోరు.

తాడికొండ కుర్రాడు

అందరికీ నమస్కారం. చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను ప్రస్తుతం బీటెక్ మూడో సంవత్సరం. పదో తరగతి వరకు సర్కారు బడి, తెలుగు మీడియం. నాన్న కౌలుకు మిర్చి వేస్తారు. ఎంసెట్‌లో లెక్కల్లో బాగా వచ్చి మంచి కాలేజీలో సీటొచ్చింది. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. అందులో ఒకటి లెక్కలే.

ఎందుకు పోయిందో చెబుతాను. మా మేడమ్ ప్రతి సిద్ధాంతం చివర "ప్రొవైడెడ్ ఎక్స్ ఈజ్ నాట్ జీరో" అనేవారు. ప్రొవైడ్ అంటే ఇవ్వడం అని నాకు తెలుసు. కాబట్టి ఎక్స్ సున్నా కాదని వాళ్ళే ఇచ్చేశారు, నేను చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. ఎక్కడా సరిచూడలేదు. నాలుగు నెలలు అలాగే లెక్కలు చేశాను. రెండో సెమిస్టర్‌లో ఒక సార్ బోర్డు దగ్గర నిలబడి "ఎక్స్ సున్నా కాకపోతేనే సుమా" అన్నారు. ఆ ఒక్క తెలుగు ముక్కతో వెనక చదివినవన్నీ సర్దుకున్నాయి. ఆ రాత్రి నోట్సు మొత్తం తిరగేసి ప్రతి పేజీలో సరిచేసుకున్నాను.

బెంజిసర్కిల్ ట్రైనర్

బాబూ, నా వాదనకు నీకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇంటర్‌లో నిన్ను నాలుగు ఇంగ్లీషు పాఠాలు వినిపించి, నాలుగు ప్యాసేజ్‌లు చదివించి ఉంటే ఆ మాట అప్పుడే తెలిసేది. ఆ పరీక్ష ఉండి ఉంటే నీకు ఆ మూడు సబ్జెక్టులు పోయేవి కావు.

తాడికొండ కుర్రాడు

ఆ పరీక్ష ఉండి ఉంటే నాకు ఆ సీటే వచ్చేది కాదు సార్.

బెంజిసర్కిల్ ట్రైనర్

అలా ఎందుకనుకుంటావు? కష్టపడి ఉండేవాడివి.

తాడికొండ కుర్రాడు

కష్టపడలేదని మీకు ఎవరు చెప్పారు సార్? పొద్దున నాలుగింటికి లేచి చదివాను. మా బళ్ళో హెడ్‌ఫోన్స్ లేవు. ఇంట్లో ఒకటే ఫోను, అది నాన్న పొలానికి తీసుకెళ్ళేవారు. లెక్కలకు హెడ్‌ఫోన్స్ అక్కర్లేదు కాబట్టి నేను నెగ్గాను. నాకున్న ఆ ఒక్క దారిలోనూ మీరు ఇంకో గేటు కడతామంటున్నారు. నన్ను ఉదాహరణగా వాడుకోవద్దు.

పటమట అమ్మ

బాబూ, నెమ్మది. సార్ నీ మంచికే చెబుతున్నారు.

బెంజిసర్కిల్ ట్రైనర్

అమ్మా, అతన్ని అననివ్వండి. బాబూ, నేను కూడా తెలుగు మీడియమే. ఈ సంగతి నా స్టూడెంట్స్‌కు కూడా చెప్పను. గుడివాడ దగ్గర పల్లెటూరు. 2003లో ఇంజనీరింగ్‌లో చేరాను. క్లాసులో ఏమీ అర్థమయ్యేది కాదు. అందరూ నవ్వితే నవ్వేవాణ్ణి, అందరూ రాస్తే రాసేవాణ్ణి. వైవాలో ఒకాయన అడిగిన ప్రశ్న మూడుసార్లు అడిగించుకున్నాను. ఆయన పక్కనాయనతో ఏదో అన్నాడు, ఇద్దరూ నన్ను చూశారు. ఆ రోజు హాస్టల్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. రెండేళ్ళ తర్వాత మానేశాను. నాన్న అర ఎకరం అమ్మి కట్టిన ఫీజు అది. సీటు ఇచ్చారు, సంతోషం. సీటిచ్చి రెండేళ్ళు కాల్చుకు తిన్నారు. నీకు పాఠం అర్థం కాదురా, ఆర్నెల్లు ఇంగ్లీషు నేర్చుకుని రా అని గేటు దగ్గర ఎవరైనా ఆపి ఉంటే నా జీవితం ఇంకోలా ఉండేది. నేను పిల్లల్ని తరిమేయడానికి పరీక్ష అడగడం లేదు. నాలాగా లోపలికి వెళ్ళి దెబ్బతినకూడదని అడుగుతున్నాను.

తాడికొండ కుర్రాడు

సార్, చదివి బాధపడ్డాను. కానీ మిమ్మల్ని మానేసేలా చేసింది ఇంగ్లీషు రాకపోవడం కాదు. మూడుసార్లు అడిగించుకుంటే ఇద్దరు పెద్దమనుషులు అలా చూడటం. గేటు దగ్గర ఆపితే మీరు ఆర్నెల్లలో తిరిగి వచ్చేవారేమో. మా ఊళ్ళో గేటు దగ్గర ఆగినవాళ్ళు ఎవరూ తిరిగి వెళ్ళలేదు. మిర్చి కోతకు వెళ్ళారు.

బ్రాడీపేట మాస్టారు

రవి బాబు ఇందాక అడిగిన దానికి జవాబు చెప్పలేదు. ఒకసారా, రెండుసార్లా అన్నది నా అసలు అభ్యంతరం కాదు. అది పట్టుకుని వాదించడం తేలిక, అందుకే పట్టుకున్నాను. అసలు సంగతి వేరే ఉంది. నేను పనిచేసిన ఒక చోట పాఠం ఇంగ్లీషులో చెప్పి, అర్థం కానివాళ్ళకు తెలుగులో మళ్ళీ చెప్పేవాణ్ణి. యాజమాన్యం పిలిచి, తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం అని ఫీజు కట్టారు, క్లాసులో తెలుగు వినబడకూడదు అన్నారు. నేను మానేశాను. ఉద్యోగం కాదు, తెలుగులో చెప్పడం మానేశాను. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, ఉద్యోగం కావాలి. ఆ మూడేళ్ళలో ఎంతమందికి "ప్రొవైడెడ్" లాంటి మాటలు తెలియకుండా పోయాయో నాకు లెక్క లేదు. పిల్లవాడు అర్థం చేసుకోలేకపోతే పరీక్ష పెట్టాల్సింది ఆ పిల్లవాడికి కాదు. అర్థమయ్యేలా చెప్పని మాకు.

బెంజిసర్కిల్ ట్రైనర్

మాస్టారూ, మీకు పరీక్ష ఎవరు పెడతారు? ఏ యాజమాన్యం పెడుతుంది? మీరు చెప్పేది జరగాలంటే వెయ్యి కాలేజీలు మారాలి. నేను చెప్పేది జరగాలంటే ఒక్క జీవో చాలు. అందుకే నేను దీన్ని పట్టుకున్నాను.

నందిగామ లక్ష్మి

చేరిన తర్వాత మొదటి వారంలో పెట్టొచ్చు కదా? ర్యాంకు లేకుండా, ఎవరికి పాఠం అర్థం కావడం లేదో తెలియడానికి. ఇంగ్లీషు ల్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ ఎలాగూ ఉన్నాయి.

బెంజిసర్కిల్ ట్రైనర్

మార్కు లేని పరీక్షను ఎవరూ పట్టించుకోరమ్మా. ఫలితం ఫైల్లో పెట్టి మూసేస్తారు.

తాడికొండ కుర్రాడు

లక్ష్మి గారు చెప్పినదానికి నేను ఒప్పుకుంటాను. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. క్లాసులో నన్ను మోసం చేసిన మాటలన్నీ అందులో రాసుకున్నాను. ప్రొవైడెడ్, వేర్యాజ్, ది లాటర్, అట్ మోస్ట్, రెస్పెక్టివ్లీ, అన్‌లెస్. ఒక్కోదానికి లెక్కల్లో ఏ అర్థమో తెలుగులో రాసి, కింద ఒక చిన్న లెక్క పెట్టాను. 112 మాటలయ్యాయి. మా జూనియర్లు జెరాక్స్ తీసుకుంటున్నారు.

బ్రాడీపేట మాస్టారు

ఆ పేజీలు ఇక్కడ పెట్టు బాబూ. అర్థాలు నేను ఒకసారి చూస్తాను. తప్పులుంటే దిద్దుతాను.

బెంజిసర్కిల్ ట్రైనర్

పెట్టు. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు కూడా ఇస్తాను.

తాడికొండ కుర్రాడు

పెడతాను మాస్టారూ. ట్రైనర్ సార్, దానికి ఫీజు తీసుకోనంటే మీరూ ఇవ్వండి.

బెంజిసర్కిల్ ట్రైనర్

తీసుకోను. పరీక్ష ఉండాలన్న మాట మీద మాత్రం నేను ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

తాడికొండ కుర్రాడు

తెలుసు సార్. మొదటి ఇరవై పేజీలు రేపు రాత్రికి పెడతాను. "అన్‌లెస్" దగ్గర నా ఉదాహరణ సరిపోయిందో లేదో మాస్టారు చూడాలి. అది నాకు ఇప్పటికీ తికమకే.