ఫైబర్ బోటు ఎండకు తెల్లబారింది: మైనమా, రంగా? (చెన్నై)

కాశిమేడు_నీలం: మాది నీలం ఫైబర్ బోటు. ఒడ్డున ఇసుకలోనే పడుంటుంది. అంచు మీద చెయ్యేసి రుద్దితే అరచేతికి తెల్లపొడి అంటుతోంది. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. ఈలోగా పాలిష్ పట్టి మైనం పెట్టాలా, రంగేయించాలా? నాన్న రంగంటాడు, తమ్ముడు మైనమంటాడు.

ఉప్పుగాలి: రంగే. మన ఎండకు మైనం అడవి గాచిన వెన్నెల. నాలుగు నెలలైనా ఆగదు.

పాత_మేస్త్రి: ఆగు తమ్ముడూ. ఆ పొడి జెల్‌కోట్‌ది, అంటే ఫైబర్ మీద ఉండే రంగు పైపొరది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అందులోని రెజిన్ (గట్టిపడే జిగురు) చెడిపోయి సుద్దలా రాలుతుంది. ముదురు రంగుల మీద అది ఇట్టే కనిపిస్తుంది. నీళ్లు చల్లి చూడు. తడి ఉన్నంతసేపు పాత నీలం తేలితే కాంపౌండ్‌తో (గరుకు పాలిష్ ముద్దతో) రుద్ది మైనం పెడితే చాలు. లోపలి గాజునార గళ్లుగళ్లుగా కనిపించిందా, ఇక మైనంతో పని లేదు.

ఉప్పుగాలి: జెల్‌కోటే అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. ఏటా రుద్దితే ఏం మిగులుతుందన్నా?

పాత_మేస్త్రి: అందుకే ఏటా రుద్దొద్దు, ఏటా మైనం పెట్టు. రంగంటున్నావు, ఏ రకం రంగు? పొడి మీదే ఎనామిల్ పూస్తే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మంచినీళ్లతో ఉప్పు కడిగి, గ్రీజు తుడిచి, సాండ్‌పేపర్ పట్టి, ముందు పట్టు కోసం ఎపాక్సీ ప్రైమర్ పూత, దానిపైన పాలీయురథేన్ రంగు. ఎపాక్సీతోనే ఆపేసేవాళ్లున్నారు, ఎండకు అదీ సుద్దవుతుంది. పాలీయురథేన్ బ్రష్‌తోనే వెయ్యండి. స్ప్రే కొడితే ఆ ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఎన్నూరు_కోడలు: పైపైనే మాట్లాడుకుంటున్నారు, అడుగు సంగతేంటి? ఇసుకలో లాగితే అరిగేది అక్కడే. దానికి రంగు కాదు, గాజుచాప ఇంకో పొర వేయించాలి. పట్టా కప్పేవాళ్లకూ ఒక మాట. బోటుకు ఆనించి కడితే గాలికి కొట్టుకుని, కింద చేరిన ఇసుకతో అదే గీకేస్తుంది. వెదురుబొంగుల మీద ఎత్తుగా కట్టాలి.

ఉప్పుగాలి: కాశిమేడులో బొంగులు పాతే చోటెక్కడుందమ్మా!

కాశిమేడు_నీలం: నీళ్లు చల్లాను. పక్కలు నీలంగానే వచ్చాయి. వల లాగే అంచు దగ్గర మాత్రం నార తేలింది.

పాత_మేస్త్రి: ఆ అంచుకు రెజిన్ పట్టించి రంగెయ్యి. అది బాగా ఆరాకే పక్కలకు మైనం. మైనం అంటిన చోట రంగు పట్టదు.

ఉప్పుగాలి: సగం మైనం, సగం రంగు! రేపు అమ్మబోతే బేరగాడు ముందు ఆ అంచే చూస్తాడు. నేనైతే మొత్తం రంగేయిస్తాను.