ఒసాకాలో తెల్ల చొక్కా మిషనరీ కుర్రాళ్ళని భోజనానికి పిలవాలి: ఎప్పుడు రమ్మనాలి, ఏం వండాలి?

ఒసాకా_ఆవకాయ:
అందరికీ నమస్కారం. మా దగ్గర చర్చిలో ఫ్రీగా ఇంగ్లీషు క్లాసు చెప్పే ఇద్దరు అమెరికా కుర్రాళ్ళున్నారు. తెల్ల చొక్కా, టై, నల్ల బ్యాడ్జి, సైకిళ్ళు. మోర్మన్లట. ఒకసారి ఇంటికి పిలిచి మన భోజనం పెడదామని ఉంది. జపాన్ వాళ్ళు ఇద్దర్నీ "చోరో" అనే పిలుస్తున్నారు, ఇద్దరికీ ఒకే పేరేంటో అర్థం కాలేదు. వాళ్ళు ఏం తినరు? ఏ టైముకి రమ్మంటే వీలవుతుంది? మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది, ఈలోపు వాళ్ళొచ్చి కూర్చుంటే పరవాలేదా? ఆదివారం పక్క ఊరు నారా తీసుకెళ్ళి జింకల్ని చూపిద్దామనీ అనుకుంటున్నాం. ఇంకో మాట, ఒకసారి తిండి పెడితే మతంలోకి రమ్మని వెంటపడతారా?

స్టేక్_గుమాస్తా (సికింద్రాబాద్):
చోరో పేరు కాదండీ, ఇంగ్లీషులో "ఎల్డర్" అంటారే, దానికి జపనీస్ మాట. అమ్మాయిలైతే "షిమాయ్", అంటే సిస్టర్. మిషన్‌లో ఉన్నన్నాళ్ళూ ఇంటిపేరుతోనే పిలుస్తారు, అసలు పేరు వాడరు. "మోర్మన్" అనే మాట కూడా 2018 నుంచి తగ్గించారు, యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము అని పూర్తి పేరే చెప్పమంటున్నారు. మీరు మోర్మన్లన్నారని ఎవరూ నొచ్చుకోరు లెండి.

అన్నిటికన్నా ముందు మీరు తెలుసుకోవాల్సింది: ఏడున్నర దాకా ఇంట్లో మగవాళ్ళు లేకపోతే ఆ కుర్రాళ్ళు లోపలికి రారు. గుమ్మం దగ్గరే నిలబడి "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోతారు. అది మర్యాద తెలియక కాదు. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంట్లోకి ఎల్డర్లు వెళ్ళాలంటే పెద్దవాడైన ఇంకో మగమనిషి ఉండి తీరాలి. సిస్టర్లకీ ఇదే, అటుది ఇటు. కాబట్టి మీవారు తొందరగా వచ్చే రోజు చూసుకోండి, లేదా వాళ్ళ వార్డులోంచే (అంటే వాళ్ళ స్థానిక చర్చి సంఘంలోంచే) ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకు రమ్మనండి. అలా తీసుకురావడం వాళ్ళకి మామూలే.

ఒక్కణ్ణే పిలవడం అనేది ఉండదు. కంపానియన్, అంటే జతగా ఉండే రెండో మిషనరీ, బాత్రూమ్ తప్ప మిగతా అన్నిచోట్లా కంటికి కనబడుతూ, మాట వినబడే దూరంలో ఉండాలి. పడుకునేదీ ఒకే గదిలో, వేరే మంచాల మీద. అందుకని ఒకర్ని వంటింట్లోకీ ఇంకొకర్ని బాల్కనీలోకీ లాగకండి, ఇబ్బంది పడతారు. ఎప్పుడైనా పాతవాడితో కొత్త మొహం వస్తే కంగారు పడొద్దు, ఒక రోజుకి జంటలు మార్చుకుంటారు. దాన్ని ఎక్స్‌ఛేంజ్ అంటారు.

రోజు ఎలా నడుస్తుందంటే: ఆరున్నరకి లేవడం, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. తర్వాత ఒక్కడే చదువు, ఆపైన ఇద్దరూ కలిసి చదువు, జపాన్ కాబట్టి దానికి తోడు భాష. పది దాటాక బయటికి. రాత్రి తొమ్మిదికల్లా గూటికి చేరాలి, ఎవరికైనా పాఠం చెబుతూ ఉంటే ఇంకో అరగంట. పదిన్నరకి దీపం ఆర్పేయాలి. 2017లో దీన్ని కొంచెం సడలించారు, ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కానీ ఎనిమిదిన్నరకి వడ్డిస్తే మాత్రం వాళ్ళు పళ్ళెం చూడరు, గడియారం చూస్తారు. ఆరింటికి పిలిచి గంట, గంటంబావులో వదిలేయండి.

నారా మాట మర్చిపోండి. వాళ్ళకి కేటాయించిన ఏరియా దాటాలంటే అనుమతి కావాలి. ఆదివారమైతే అసలు కుదరదు. పోనీ దగ్గర్లో బివా సరస్సుకి ఈతకి తీసుకెళ్దామనుకుంటే ఇంకా పెద్ద తప్పు, మిషనరీలు నీళ్ళలోకి దిగరు.

ప్రోవో_పప్పన్నం:
తిండి సంగతి నేను చెప్తా. మాంసం మీద ఏ నిషేధమూ లేదు, కోడి, చేప, పంది ఏదైనా తింటారు. వద్దన్నవి నాలుగే: మందు, పొగాకు, కాఫీ, టీ. 1833 నాటి జ్ఞానవాక్యము అనే నియమం. కోలా తాగుతారు.

జపాన్‌లో గొడవంతా టీ దగ్గరే. గడప తొక్కగానే గ్రీన్ టీ గ్లాసు పెట్టడం అక్కడి అలవాటు కదా. సెంచా, హోజీచా, ఊలాంగ్, గెన్మాయ్‌చా అన్నిటిలోనూ ఉండేది ఒకే టీ మొక్క ఆకు, కాబట్టి అన్నీ కూడదు. మీరు ముగిచా పెట్టండి. అది బార్లీ గింజలు వేయించి కాచింది, టీ ఆకు ఉండదు, నిక్షేపంగా తాగుతారు. బక్‌వీట్ గింజలతో కాచే సోబాచా కూడా పరవాలేదు. అయితే సీసా మీద "బ్లెండ్" అని ఉంటే పదార్థాల జాబితా చదవండి, కొన్నిటిలో గ్రీన్ టీ కలుస్తుంది. మన మసాలా చాయ్, ఫిల్టర్ కాఫీ రెండూ అవుట్. మజ్జిగ ఇవ్వండి, అల్లం కొంచెం తక్కువ వేసి. మాచా (గ్రీన్ టీ పొడి) ఐస్‌క్రీమ్ తింటే ఏం కాదనుకుంటా, అది తాగేది కాదు కదా.

కూరలో కారం మీరు వేసే దాంట్లో మూడో వంతు చాలు. పులిహోర పెడితే ఎండుమిర్చి, కరివేపాకు, పోపులో శనగపప్పు వీటిలో ఏది తినాలో ఏది పక్కన పెట్టాలో ముందే చెప్పండి. చెప్పకపోతే మర్యాద కోసం ఎండుమిర్చి కూడా నమిలి మింగేస్తారు, పెట్టింది వదలకూడదని నేర్చుకుని వస్తారు. అదే కారణంగా మారు వడ్డన అడిగి వడ్డించండి. మనలాగా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని గరిటె దించితే వాళ్ళు వద్దనలేరు. అదే రోజు ఇంకో ఇంట్లో కూడా భోజనం ఒప్పుకుని ఉండొచ్చు.

నెలలో మొదటి ఆదివారం పిలవకండి, ఉపవాసం, నీళ్ళు కూడా తాగరు. ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మొదటి వారాంతం వాళ్ళ మహాసభలు కాబట్టి ఉపవాసం వేరే ఆదివారానికి జరుగుతుంది. ఆ రెండు నెలలూ అడిగి పిలవండి.

స్టేక్_గుమాస్తా (సికింద్రాబాద్):
@ప్రోవో_పప్పన్నం మాచా ఐస్‌క్రీమ్ మీద మీ మాట సరి కాదండీ. గ్రీన్ టీ కూడా టీయే అని 2019లో సంఘం పత్రికలోనే స్పష్టంగా రాశారు. ఐస్‌క్రీమ్ దగ్గర ఒక్కో మనిషి పట్టింపు ఒక్కోలా ఉంటుంది నిజమే, కానీ అతిథిని ఆ ఇరకాటంలో పెట్టడం ఎందుకు? వెనిల్లా కొనండి, గొడవుండదు. కాఫీ ఉంటుంది కాబట్టి కాఫీ జెల్లీ, టిరామిసు కూడా వద్దు.

ఒసాకా_ఆవకాయ:
చాలా థాంక్సండీ, ఇంట్లో గెన్మాయ్‌చా ప్యాకెట్టే ఉంది, ముగిచా తెస్తాను. మతం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, పొడుగు కుర్రాడు "ట్రాన్స్‌ఫర్ వస్తే వేరే ఊరు పోతానేమో" అన్నాడు. రెండేళ్ళు ఇక్కడే ఉండరా?

కోబే_సైకిల్:
మగపిల్లలకి మిషన్ 24 నెలలు, ఆడపిల్లలకి 18. కానీ ఒకే ఊళ్ళో కాదు. ఆరు వారాలకోసారి ఆ ప్రాంతం మిషనరీలందరినీ చూసుకునే మిషన్ ప్రెసిడెంటు ఎవరు ఎక్కడ, ఎవరితో అన్నది మళ్ళీ చూస్తారు. కొత్తగా దిగినవాడికి మాత్రం మొదటి 12 వారాలు ట్రైనర్ దగ్గర శిక్షణ. కబురు కొద్ది రోజుల ముందే వస్తుంది, ఆ కొద్ది రోజుల్లోనే ఈ దేశంలో కాగితాల పని ముంచుకొస్తుంది. ఊరు మారితే పాత మునిసిపాలిటీలో తెన్‌షుత్సు తొదొకె, అంటే వెళ్ళిపోతున్నామన్న పత్రం ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోవాలి. కొత్త ఊరు చేరిన 14 రోజుల్లోగా దాన్ని అక్కడ చూపించి తెన్‌న్యూ తొదొకె పెట్టాలి. రెసిడెన్స్ కార్డు అసలుదే తీసుకెళ్ళాలి, వెనకవైపు కొత్త అడ్రసు వేసి ఇస్తారు. చాలామంది తప్పేది మొదటి మెట్టులో: పాత ఊళ్ళో సర్టిఫికెట్ తీసుకోకుండా రైలెక్కేస్తారు, కొత్త ఊళ్ళో కౌంటర్ దగ్గర పని ఆగిపోతుంది. 14 రోజులు దాటితే 2 లక్షల యెన్ల వరకు జరిమానా పడొచ్చు, 90 రోజులు దాటితే వీసా స్టేటస్‌కే ఎసరు. మీకు ఒసాకాలో అలవాటైన పనే కాబట్టి ఆ కుర్రాడికి నిజంగా సాయం చేయాలంటే నగరం వార్డు ఆఫీసులో (చర్చి వార్డు కాదు) ఏ కౌంటరుకి వెళ్ళాలో చూపించండి. భోజనం కంటే అదే ఎక్కువ గుర్తుపెట్టుకుంటాడు.

రెండోది సైకిల్. వెళ్ళేవాడు వచ్చేవాడికి సైకిల్ ఇచ్చి పోవడం మామూలు. ఫ్రేము మీద బోహాన్ తోరోకు స్టిక్కరు ఉంటుంది, దొంగతనం పట్టుకోడానికి పెట్టిన రిజిస్ట్రేషన్. పేరు మార్చుకోకుండా తొక్కితే, రాత్రి పోలీసు ఆపి నంబరు చూసినప్పుడు వేరే అమెరికావాడి పేరు వస్తుంది. ఇక అక్కడ నిలబడి వివరించుకోవాలి. పాత యజమాని రాసిచ్చిన కాగితం, రెసిడెన్స్ కార్డు పట్టుకుని సైకిల్ షాపుకి వెళితే కొన్ని వందల యెన్లలో కొత్త రిజిస్ట్రేషన్ అవుతుంది. వాన పడుతుంటే గొడుగు పట్టుకు తొక్కకూడదు, రెయిన్‌కోటే. వెనక చక్రానికి మడ్‌గార్డు లేకపోతే తెల్ల చొక్కా వీపు మీద నిలువునా బురద చార. కుడికాలి ప్యాంటు అంచుకి పట్టీ కట్టకపోతే చెయిను నూనె. మీ ఇంటికి వచ్చినప్పుడు గమనించండి, ఎన్నాళ్ళ నుంచి ఉన్నాడో ప్యాంటు అంచు చెబుతుంది.

ప్రోవో_పప్పన్నం:
మతం సంగతికి వస్తే, భోజనానికి ముందు ప్రార్థన చేయవచ్చా అని అడుగుతారు, అయ్యాక ఐదు పది నిమిషాలు ఒక వాక్యం చదువుతామంటారు. వద్దనుకుంటే మెసేజ్‌లోనే "ఇది స్నేహపూర్వకంగా పెట్టే భోజనం, పాఠాలు వద్దు" అని రాసేయండి. నసిగితే మాత్రం దాన్ని ఆసక్తి అనుకుంటారు, ఫోన్లో యాప్‌లో మీ పేరు, అడ్రసు ఎక్కుతాయి, వీళ్ళు బదిలీ అయినా తర్వాత వచ్చే జంట మీ తలుపు తడుతుంది. ఇష్టం లేకపోతే మళ్ళీ సంప్రదించవద్దని నోట్ పెట్టమనండి, పెడతారు. తెలుగువాళ్ళని తెలిస్తే తెలుగు మోర్మన్ గ్రంథము ఇస్తామనొచ్చు, తీసుకోవాలా వద్దా మీ ఇష్టం.

ఇంట్లో క్రికెట్ మ్యాచ్ వస్తున్నా టీవీ కట్టేయండి, వాళ్ళు చూడరు. ఇంటికి ఫోన్ చేసుకోమని పాపం అని వైఫై పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. 2019 దాకా ఏడాదికి రెండుసార్లే ఇంటికి ఫోన్, ఇప్పుడు వారానికోసారి పి-డే నాడు వీడియో కాల్ చేసుకుంటున్నారు. పి-డే అంటే బట్టలు, సరుకులు, క్షవరం చూసుకునే రోజు, ఎక్కువగా సోమవారం, సాయంత్రం ఆరుతో అయిపోతుంది. డబ్బుల కవరు చేతిలో పెట్టకండి. అమెరికా పిల్లలకి 2020 జూలై నుంచి నెలకి 500 డాలర్లు ఇంటివాళ్ళో వాళ్ళ చర్చి వార్డో కడతారు, అంతా ఒక చోట పోగై ఖర్చులకి వస్తుంది. ఏదైనా ఇవ్వాలనిపిస్తే డబ్బాలో పప్పు, అన్నం కట్టివ్వండి.

ఒసాకా_ఆవకాయ:
అయితే గురువారం ఆరింటికి, మా ఆయన సెలవు పెడుతున్నారు. పప్పు, చికెన్, పులిహోర, మజ్జిగ, వెనిల్లా. వార్డు ఆఫీసు సంగతి కూడా చెప్తాను.

కోబే_సైకిల్:
బుధవారం రాత్రి తొమ్మిది లోపు ఒక మెసేజ్ పెట్టి ఖాయం చేసుకోండి. ట్రాన్స్‌ఫర్ వారమైతే ఆ పొడుగు కుర్రాడు గురువారానికి ఒసాకాలో ఉండకపోవచ్చు.