‘నరం పట్టేసింది’ అంటే తప్పా?

పెద్దలు చెప్పాలి. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మొన్న ఉభాలకి (వరినాట్లకి) వెళ్లొచ్చిన రాత్రి మా అత్తగారు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచారు. “పిక్కలో నరం పట్టీసిందే!” హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే అలవాటు కదా, “నరం కాదత్తా, కండరం” అనేశాను. ఆవిడ పలకలేదు. బొటనవేలు పట్టుకుని పాదాన్ని తన వైపు లాక్కున్నారు, కాసేపటికి తగ్గింది.

పట్టేసేది కండరమే. కండరానికి లాగడమే తెలుసు, తోయడం రాదు. పిక్క బిగిస్తే పాదం కిందికి వంగుతుంది. పైకి రావాలంటే కాలి ముందువైపు కండరం లాగాలి. బిగిసిన పిక్క దానంతటది సాగదు, అందుకే ఆవిడ చేత్తో సాగదీశారు.

కానీ ఆ మాట తప్పని ఇప్పుడు అనలేకపోతున్నాను. మటన్ కాలి ముక్కలో తెల్లగా, గట్టిగా ఉండే తాడుని నరమనే అంటాం. మడమ వెనక తడిమితే తగిలేదీ మాకు నరమే. పుస్తకంలో అది స్నాయువు, కండరాన్ని ఎముకకి కట్టే తాడు. తమిళంలో కూడా ‘నరంబు’ అంటే నాడి (మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసేది), రక్తనాళం, స్నాయువు, యాళ్ వాద్యం తీగ కూడా. ఒంట్లో తాడులా ఉన్న ప్రతిదానికీ ఒకే మాట. దాన్ని నాడికి మాత్రమే కట్టేసింది మా పాఠాలే అనిపిస్తోంది.

జవాబు (విజయనగరం నుంచి):
మేడమ్, మా ఇంట్లో మూడు మాటలున్నాయి. పిక్క గట్టిపడితే ‘కండ పట్టేసింది’. మడమ దగ్గర గుంజితే ‘నరం లాగుతోంది’. కీలు దగ్గర మడతపడితే ‘బెణికింది’. ఎముకని ఎముకకి కట్టిన కట్టు దెబ్బతినేది అక్కడే కదా. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 130 కిలోలు తలపైకెత్తిందంటే, తొడల బలాన్ని ఎముకలకి అందించింది ఈ ‘నరాలే’. ఆ మాటని వదులుకోకండి.

నా జవాబు:
మీ మూడు మాటలూ రేపు బోర్డు మీద రాస్తానండి. ఇంకోటి తట్టింది. మఠం వేసుకుని ఎక్కువసేపు కూర్చుంటే కాలు మొద్దుబారుతుంది కదా, అక్కడ నొక్కుకునేది నిజంగా నాడి. అప్పుడు మాత్రం ఎవరూ నరం ఊసెత్తరు, ‘తిమ్మిరెక్కింది’ అంటారు. అత్తగారికి సారీ చెప్పాను. “ఏటే, ఎందుకు?” అన్నారు. మీ ఊళ్లో మడమ వెనక తాడుకి ఇంకేదైనా పేరుందా?